ట్యాగుకు రీడర్ కరెంటు, సెన్సర్‌కు సొంత బ్యాటరీ: ఆర్ఎఫ్ఐడీ, వైర్‌లెస్ సెన్సర్ ప్రమాణాలు ఎటు వెళ్తున్నాయి

కొత్త చొక్కాకు వేలాడే ధర అట్టను ఒకసారి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చాలా బ్రాండ్ల అట్టల్లో కాగితం పొరల మధ్య వెండి రంగు గీతలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఆ మెలికలే యాంటెన్నా. వాటి నడుమ ఇసుక రేణువంత చుక్క ఒకటి ఉంటుంది, అది చిప్. బ్యాటరీ కోసం వెతికితే దొరకదు. దీన్నే ఆర్ఎఫ్ఐడీ (రేడియోతో గుర్తింపు) ట్యాగు అంటారు. దాన్ని చదివే రీడర్ అనే యంత్రం వదిలే రేడియో తరంగంలోంచే చిప్ తనకు కావలసిన కరెంటు తీసుకుంటుంది, అదే తరంగాన్ని తిప్పికొడుతూ తన నంబరు చెబుతుంది.

ఇప్పుడు వంతెన దూలానికి బిగించిన ఒక సెన్సర్‌ను ఊహించండి. దూలం ఎంత ఊగుతోందో కొలిచి గంటకోసారి కబురు పంపడం దాని పని. దానికి బయటి నుంచి కరెంటు అందించేవాళ్లు లేరు. లోపలి బ్యాటరీ అయిపోతే ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకి ఎక్కాల్సిందే.

రెండూ వైర్‌లెస్ పరికరాలే, రెండూ చిన్నవే. కానీ కరెంటు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందన్న దగ్గర వాటి దారులు విడిపోయాయి. ఎవరు ముందు మాట్లాడాలి, ఎంతసేపు మేలుకుని ఉండాలి, ఒక్కో సందేశం ఎంత పొడవుండాలి అని ప్రమాణాల్లో పేజీలకు పేజీలు రాసుకున్నదంతా తిరిగి తిరిగి ఈ లెక్క దగ్గరికే వస్తుంది. గత ఇరవై ఏళ్లలో ఏ ప్రమాణం నిలబడింది, ఏది చతికిలపడింది అన్నది కూడా ఈ లెక్క పట్టుకుని చూస్తేనే తేలిగ్గా బోధపడుతుంది.

తిప్పికొట్టే తరంగం

ఎండలో చిన్న అద్దం పట్టుకుని ఎదురుగోడ మీద వెలుగు ఆడించే పిల్లల ఆట అందరికీ తెలిసిందే. వెలుగు సూర్యుడిది, ఆట పిల్లాడిది. ట్యాగు చేసేదీ అదే. యాంటెన్నాకు కలిపి ఉన్న చిన్న స్విచ్చును చిప్ వేస్తూ తీస్తూ ఉంటే, వెనక్కి వెళ్లే తరంగం బలం మారుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులను రీడర్ ఒకట్లుగా, సున్నాలుగా చదువుకుంటుంది. తిరిగొచ్చే తరంగంతో సమాచారం పంపవచ్చని 1948లో హ్యారీ స్టాక్‌మన్ ఒక పరిశోధన పత్రంలో రాశాడు. నిజానికి అంతకు మూడేళ్ల ముందే గూఢచారులు దీన్ని వాడేశారు. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ బడిపిల్లలు ఒక చెక్క రాజముద్రను బహూకరించారు. అందులో లియోన్ థెరెమిన్ తయారుచేసిన, బ్యాటరీ లేని మైకు దాగి ఉంది. బయటి నుంచి రేడియో తరంగం తగిలినప్పుడే అది పనిచేసేది. అందుకే 1952 దాకా ఎవరికీ దొరకలేదు.

నేటి ఆర్ఎఫ్ఐడీలో ఎక్కువగా వాడేవి మూడు ఫ్రీక్వెన్సీ శ్రేణులు. పశువుల చెవికి గుచ్చే ట్యాగులు, పెంపుడు కుక్కల చర్మం కింద పెట్టే గింజలు 125-134 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీకి నీరు, మాంసం పెద్దగా అడ్డు కావు. వీటికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రాసిన 11784, 11785 ప్రమాణాలున్నాయి. బస్సు పాసులు, బ్యాంకు కార్డులు, ఫోన్‌ను తాకించి డబ్బు కట్టే ఎన్ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌వి. ఐఎస్ఓ 14443 అయితే నాలుగైదు వేళ్ల దూరం, ఐఎస్ఓ 15693 అయితే మీటరు దాకా. ఈ రెండు శ్రేణులూ చాలాకాలంగా స్థిరపడిపోయాయి, వాటిలో కొత్త వార్తలు తక్కువ. కదలికంతా మూడో శ్రేణిలోనే ఉంది. 860-960 మెగాహెర్ట్జ్ మధ్య, పది మీటర్ల దాకా కూడా చదవగలిగే యూహెచ్ఎఫ్ (అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ) ట్యాగులవి. చొక్కా అట్టలోది ఇదే రకం.

దీన్ని మార్కెట్లోకి తెచ్చిన పని 1999లో అమెరికాలోని ఎంఐటీలో, ఆటో-ఐడీ సెంటర్‌లో మొదలైంది. మొదట్లో క్లాస్ 0 అని ఒకటి, క్లాస్ 1 అని ఒకటి, ఒకదాని భాష ఇంకొకదానికి అర్థం కాని ట్యాగులు వచ్చాయి. సరుకుల గుర్తింపు ప్రమాణాలు చూసే ఈపీసీగ్లోబల్ సంస్థ 2004 చివర్లో జెన్ 2 అనే ఒకే ప్రోటోకాల్‌ను (మాట్లాడుకునే పద్ధతిని) ఆమోదించాక గందరగోళం సద్దుమణిగింది. 2006లో అది ఐఎస్ఓ 18000 శ్రేణిలోకి చేరింది. ఇప్పుడు దాని నంబరు 18000-63, వ్యాపార ప్రపంచంలో పేరు రెయిన్.

జెన్ 2 ఎలా పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే దాని బలమంతా అక్కడే ఉంది. ఒక అట్టపెట్టెలో 200 చొక్కాలున్నాయి అనుకుందాం. రీడర్ నంబర్లు అడగగానే 200 ట్యాగులూ ఒకేసారి అరిస్తే ఏమీ వినపడదు. ట్యాగులు ఒకదాన్నొకటి వినలేవు కాబట్టి మర్యాదగా వంతులు వేసుకోవడమూ కుదరదు. అందుకే రీడర్ ముందుగా క్యూ అనే ఒక సంఖ్యను ప్రకటిస్తుంది. క్యూ 8 అయితే 2 ఘాతం 8, అంటే 256 గళ్లు. ప్రతి ట్యాగూ తనకు తోచిన గడి నంబరు ఒకటి ఎంచుకుంటుంది. రీడర్ గడి తర్వాత గడి పిలుస్తూ పోతుంది, తన గడి వచ్చిన ట్యాగు పలుకుతుంది. పలికినప్పుడు కూడా అసలు నంబరు చెప్పదు. ముందు 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి విసురుతుంది. రీడర్ అదే సంఖ్యను తిరిగి అప్పజెబితేనే తన పూర్తి గుర్తింపు బయటపెడుతుంది. ఒకే గడిలో ఇద్దరు పలికి గొడవపడితే వృథా అయ్యేది ఆ చిన్న 16 బిట్లే తప్ప మొత్తం నంబరు కాదు. గొడవలు ఎక్కువైతే రీడర్ క్యూను పెంచుతుంది, ఖాళీ గళ్లు ఎక్కువైతే తగ్గిస్తుంది.

ఈ పద్ధతిలో ఎంత బాగా సర్దినా దాదాపు 37 శాతం గళ్లే పనికొస్తాయి. మిగతావి ఖాళీగానో, గొడవల్లోనో పోతాయి. ఇది గణితం పెట్టిన హద్దు, దాన్ని దాటే తెలివి ట్యాగుకు ఇవ్వాలంటే కరెంటు చాలదు. అయినా సెకనుకు కొన్ని వందల ట్యాగులు చదవడం సాధ్యమే. తెలివి, ఖర్చు, బాధ్యత అన్నీ రీడర్ మీదకు నెట్టేసి ట్యాగును వీలైనంత మొద్దుగా ఉంచడమే జెన్ 2 రూపకర్తలు తీసుకున్న అసలు నిర్ణయం. దేశాల రేడియో నిబంధనల విషయంలోనూ అదే పనికొచ్చింది. అమెరికాలో రీడర్లు 902-928 మెగాహెర్ట్జ్‌లో ఒక చానల్ నుంచి ఇంకొక చానల్‌కు గెంతుతూ ఉండాలి. ఐరోపాలో చిరకాలంగా వాడుతున్న బ్యాండు 865-868. రీడర్ ఏ దేశంలో ఉంటే ఆ దేశం నిబంధన పాటిస్తుంది. ట్యాగు మాత్రం ఏ తరంగం తగిలితే దాన్నే తిప్పికొడుతుంది. ఒక ఖండంలో కుట్టిన చొక్కా మరో ఖండంలో అమ్ముడైనా అట్ట మార్చే పని లేదు.

ట్యాగులో ఉండే నంబరు మామూలుగా 96 బిట్లు. సరుకుల కోసం వాడే పద్ధతిలో అందులో 38 బిట్లు వరుస సంఖ్యకే కేటాయించారు. అంటే ఒక్కో రకం వస్తువుకు 27,487 కోట్లకు పైగా విడివిడి నంబర్లు. బార్‌కోడ్ చెప్పేది ‘ఇది ఫలానా రకం నీలం చొక్కా’ అని. ట్యాగు చెప్పేది ‘ఆ రకంలో ఫలానా ఒక్క చొక్కా’ అని.

ఇంత చక్కని ప్రమాణం చేతిలో ఉన్నా మొదటి పెద్ద ప్రయత్నం తడబడింది. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 2003లో తన వంద అతిపెద్ద సరఫరాదారులకు గడువు పెట్టింది: 2005 జనవరి కల్లా పెట్టెలకు, సరుకు పేర్చే ప్యాలెట్లకు ట్యాగులు ఉండాలని. ద్రవాల సీసాలు, లోహపు డబ్బాల దగ్గర పథకం మొండికేసింది. నీరు ఈ తరంగాలను మింగుతుంది, లోహం యాంటెన్నా శ్రుతిని చెడగొడుతుంది. పైగా లాభం దుకాణానిది, ట్యాగు ఖర్చు సరఫరాదారుది. ఇలాంటి లెక్క ఎక్కడా ఎక్కువకాలం నడవదు. ఆ తర్వాత ఆర్ఎఫ్ఐడీ నిలదొక్కుకున్నది బట్టల వ్యాపారంలో. గుడ్డ రేడియోకు అడ్డు రాదు, సైజులు రంగులు కలిపి రకాలు లెక్కకు మించి ఉంటాయి, స్టాకు తప్పితే అమ్మకం పోతుంది. జారా మాతృసంస్థ ఇండిటెక్స్ లాంటివి తయారీదారు, దుకాణం రెండూ తామే కాబట్టి ఖర్చూ లాభమూ ఒకే జేబులో పడ్డాయి. 2022లో వాల్‌మార్ట్ మళ్లీ ఇంటి సామాన్లు, ఆటవస్తువుల లాంటి వాటికీ ట్యాగులు అడిగింది. ఈసారి పెద్దగా ఎవరూ నవ్వలేదు.

మధ్యలో మారిందేమిటంటే చిప్ ఆకలి. 2000ల మధ్యలో ఒక ట్యాగు మేలుకోవడానికి పదుల మైక్రోవాట్లు (వాట్‌లో పది లక్షల వంతు ఒక మైక్రోవాట్) కావలసి వచ్చేది. కొత్త చిప్‌లకు నాలుగైదు మైక్రోవాట్లు చాలు. కరెంటు అవసరం నాలుగో వంతుకు తగ్గితే చదివే దూరం రెట్టింపవుతుంది, లేదా అదే దూరానికి యాంటెన్నా చిన్నదవుతుంది, ట్యాగు చవకవుతుంది. 2024లో ప్రపంచవ్యాప్తంగా 5,000 కోట్లకు పైగా రెయిన్ ట్యాగ్ చిప్‌లు బయటికి వెళ్లాయంటే వెనకున్న కారణాల్లో ఇదొకటి.

నిద్రపోవడం నేర్చుకున్న రేడియోలు

సెన్సర్ల వైపు కల ఇంకా పెద్దది. 1990ల చివర్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్రిస్ పిస్టర్ బృందం ‘స్మార్ట్ డస్ట్’ అన్నది. దుమ్ములా చల్లేసే సెన్సర్లు, తమలో తామే నెట్‌వర్క్ కట్టుకునేవి. 2002లో అమెరికా తూర్పు తీరంలోని గ్రేట్ డక్ ఐలాండ్‌లో సముద్రపక్షుల బొరియల దగ్గర 32 నోడ్లు (సెన్సర్, రేడియో కలిసిన పరికరాలు) పెట్టి చూశారు. మనుషులు వెళ్లి గూళ్లు కదిలించకుండానే లోపలి ఉష్ణోగ్రత, తేమ తెలిశాయి. చూడ్డానికి అవి దుమ్ములా లేవు, రెండు పెన్సిల్ సెల్స్ మోసే పెట్టెల్లా ఉన్నాయి. అప్పుడూ ఇప్పుడూ సైజును నిర్ణయించేది బ్యాటరీయే.

ఆ రోజుల్లో పరిశోధకులు విరివిగా వాడిన సీసీ2420 అనే రేడియో చిప్ లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. అది సందేశం పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు తాగుతుంది. వినేటప్పుడు 18.8. అంటే మాట్లాడటం కంటే వినడమే ఖరీదు. పెన్సిల్ సెల్స్ నుంచి 2,500 మిల్లీఆంపియర్-గంటలు దొరుకుతాయనుకుంటే, ఎవరైనా పిలుస్తారేమోనని ఎప్పుడూ చెవి ఒగ్గి కూర్చున్న రేడియో ఐదున్నర రోజుల్లో బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఒక్క మాట పంపకపోయినా సరే. అదే నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే ఏడాదిన్నర వస్తుంది. కాబట్టి సెన్సర్ నెట్‌వర్క్ ప్రమాణాలన్నీ ఒక రకంగా నిద్రపోయే పద్ధతులే.

చిక్కేమిటంటే పక్క నోడు ఎప్పుడు మేలుకుంటుందో తెలియాలి. ఇలాంటి తక్కువ కరెంటు రేడియోల కోసం ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ రాసిన ప్రమాణం 802.15.4. 2012లో దానికి చేర్చిన టీఎస్‌సీహెచ్ ఈ చిక్కుకు మంచి జవాబు. కాలాన్ని మామూలుగా 10 మిల్లీసెకన్ల గళ్లుగా కోసి, ఏ గడిలో ఏ నోడు ఏ చానల్‌లో మాట్లాడాలో ముందే రాసిపెట్టేస్తారు. తన గడి కానప్పుడు నోడు నిద్రలో ఉంటుంది. చానల్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి పక్కనే ఉన్న వై-ఫై ఒక చానల్‌ను పాడుచేసినా తర్వాతి ప్రయత్నం బతికిపోతుంది. ఇందులో కష్టమల్లా గడియారాలే. రెండు క్వార్ట్జ్ గడియారాల మధ్య పది లక్షలకు 40 వంతుల తేడా ఉంటే 25 సెకన్లలో వాటి మధ్య ఒక మిల్లీసెకను తేడా వస్తుంది. పది మిల్లీసెకన్ల గడిలో అది చిన్న తేడా కాదు. అందుకే అప్పుడప్పుడూ పలకరించుకుంటూ టైము సరిచేసుకుంటాయి. దాదాపు ఇదే పద్ధతిని 2007లోనే వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణం ఫ్యాక్టరీల్లోకి తెచ్చింది. రిఫైనరీల లాంటి చోట్ల కేబుల్ వేయడం సెన్సర్ కొనడం కంటే ఖరీదు కాబట్టి అది అక్కడ బాగానే పాతుకుపోయింది.

802.15.4 మొదటి వెర్షన్ 2003లో వచ్చింది. ఇళ్లలోని బల్బులు, స్విచ్చుల లాంటివి కలిపే జిగ్‌బీ, థ్రెడ్, ఫ్యాక్టరీల వైర్‌లెస్‌హార్ట్ అన్నీ ఆ పునాది మీద లేచినవే. ఆ రేడియోలో ఒక్కో ప్యాకెట్టు 127 బైట్లకు మించకూడదు. పొట్టిగా మాట్లాడితేనే బ్యాటరీ మిగులుతుంది. దీని మీద ఇంటర్నెట్ భాష నడపాలనుకున్నప్పుడు ఇంజినీర్లకు చెమటలు పట్టాయి. ఐపీవీ6 అనే ఆ భాష తనను మోసే లింకు కనీసం 1,280 బైట్ల ప్యాకెట్టు మోయాలంటుంది. ఇక్కడేమో 127లో రేడియో చిరునామాలు వగైరాకు 25 పోతాయి, భద్రతకు 21, ఐపీవీ6 శీర్షికకు (చిరునామాలు ఉండే ముందుభాగానికి) 40, సందేశాన్ని సరైన ప్రోగ్రాముకు చేర్చే యూడీపీకి 8. అసలు కబురుకు మిగిలేది 33 బైట్లు. ఉత్తరం కంటే కవరే బరువు. 2007లో 6లోప్యాన్ పేరుతో, 2011లో దాన్ని ఇంకా మెరుగుపరిచి, ఆ 40 బైట్ల శీర్షికను అనువైన సందర్భాల్లో 2 బైట్లకు కుదించే పద్ధతి రాశారు. ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని మళ్లీ పంపకపోవడమే అందులో చిట్కా. చూడ్డానికి చిన్న విషయం. కానీ సెన్సర్‌కు సొంత ఇంటర్నెట్ చిరునామా ఉండటం దాని వల్లే కుదిరింది. ఇళ్లలోకి వస్తున్న థ్రెడ్ ఆ పని మీదే నిలబడింది. వేర్వేరు కంపెనీల ఇంటి పరికరాలకు ఉమ్మడి భాషగా 2022లో మొదటి వెర్షన్ వచ్చిన మ్యాటర్ ఆ థ్రెడ్‌ను కూడా వాడుకుంటుంది. అంతకుముందు రెండు కంపెనీల జిగ్‌బీ బల్బులు, స్విచ్చులు ఒకే పేరు పెట్టుకుని కూడా మాట్లాడుకోని రోజులున్నాయి. రేడియో ఒకటైనంత మాత్రాన భాష ఒకటి కాదని అప్పుడు తెలిసొచ్చింది.

దూరం ఎక్కువైనచోట ఇంకో రకం పోటీ నడిచింది. ఒక్క గేట్‌వేతో (సెన్సర్ల కబుర్లు అందుకునే స్టేషన్‌తో) కిలోమీటర్ల కొద్దీ వినగలిగే లోరావాన్, సిగ్‌ఫాక్స్, మొబైల్ కంపెనీల ఎన్‌బీ-ఐఓటీ. సిగ్‌ఫాక్స్‌లో ఒక సందేశానికి 12 బైట్లు, రోజుకు 140 సందేశాలు. నీటి మీటరుకు అది ధారాళం. అయినా 2022 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది, కొన్ని నెలలకు వేరే సంస్థ దాన్ని కొనుక్కుంది. ఎన్‌బీ-ఐఓటీని 2016లో మొబైల్ కంపెనీల ప్రమాణాల సంస్థ 3జీపీపీ ప్రమాణంగా రాసింది. జపాన్‌లో మొబైల్ కంపెనీ డొకోమో ఆ సేవను మొదలుపెట్టి 2020లోనే ఆపేసింది. సెన్సర్ బ్యాటరీ పదేళ్లు వస్తుందని డబ్బా మీద రాస్తారు, నెట్‌వర్క్ ఎన్నేళ్లు ఉంటుందో ఎక్కడా రాయరు. లోరావాన్‌కు ఇక్కడ ఒక మేలు ఉంది. ఎవరి గేట్‌వే వాళ్లు పెట్టుకోవచ్చు, 2021లో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ కూడా దాన్ని ప్రమాణంగా గుర్తించింది. కానీ దాని అడుగున ఉన్న లోరా రేడియో పద్ధతి సెమ్‌టెక్ అనే ఒక్క కంపెనీ పేటెంట్ల నీడలో పెరిగింది. పూర్తిగా స్వేచ్ఛ ఉన్న ప్రమాణం ఈ వీధిలో ఏదీ లేదు.

గీత చెరిగిపోతున్న చోటు

ట్యాగు, సెన్సర్ అనే విభజన ఇప్పుడు నెమ్మదిగా కరుగుతోంది. కరుగుతున్నది రెండు చోట్ల: కరెంటు దగ్గర, డేటా దగ్గర.

కరెంటు సంగతి చూస్తే, బ్యాటరీ లేని ట్యాగులకే ఉష్ణోగ్రత, తేమ కొలిచే శక్తి వస్తోంది. ఇందులో ఒక ఉపాయం చాలా ముచ్చటగా ఉంటుంది. తడి తగిలితే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. మొదట్నుంచీ ఇది ఆర్ఎఫ్ఐడీకి తలనొప్పే. దాన్ని సరిచేసుకోవడానికి కొన్ని చిప్‌లు లోపలి కెపాసిటర్‌ను తమంతట తామే సవరించుకుంటాయి. ఎంత సవరించుకున్నాయో ఆ అంకెను రీడర్‌కు చెప్పేస్తే చాలు, అదే తేమ కొలత. వేరే సెన్సర్ అక్కర్లేదు. కార్ల ఫ్యాక్టరీలో నీళ్లు చల్లి పరీక్షించిన కారులో ఎక్కడ కారుతోందో ఇలా పట్టుకోవచ్చు.

అయితే బ్యాటరీ లేని సెన్సర్‌కు ఒక లోపం పుట్టుకతోనే ఉంది. రీడర్ చూస్తున్నప్పుడే అది కొలుస్తుంది. టీకాల పెట్టె లారీలో అర్ధరాత్రి వేడెక్కి తెల్లారేసరికి మళ్లీ చల్లబడితే, ఉదయం గేటు దగ్గర చదివిన ట్యాగు అంతా బాగానే ఉందంటుంది. అలాంటి పనులకు ఇప్పటికీ చిన్న బ్యాటరీతో కొలతలను తనలో రాసిపెట్టుకునే లాగరే దిక్కు. ‘బ్యాటరీ లేని భవిష్యత్తు’ అనే ప్రచారంలో ఈ మాట ఎక్కువగా వినపడదు.

పెద్ద సంస్థలు మాత్రం ఆ వైపే చూస్తున్నాయి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన రిలీజ్ 19లో ‘యాంబియెంట్ ఐఓటీ’ (పరిసరాల్లోని శక్తితో నడిచే పరికరాలు) పేరుతో, ఒక్క మైక్రోవాట్ స్థాయిలో బతికే పరికరాలను చేర్చింది. వై-ఫై వైపు ఐఈఈఈ 802.11బీపీ అదే దారిలో ఉంది. బ్లూటూత్ 2023లో 5.4 వెర్షన్‌తో దుకాణాల ఎలక్ట్రానిక్ ధరపట్టీల కోసం, వేల పరికరాలను ఒకే స్టేషన్ వంతులవారీగా పిలిచే పద్ధతి తెచ్చింది. గమనిస్తే ఇవన్నీ జెన్ 2 పాఠాన్నే తిరగరాస్తున్నాయి: తెలివి, ఖర్చు స్టేషన్ మీద పెట్టు, చివరి పరికరాన్ని తేలిగ్గా ఉంచు. తేడా అల్లా రీడర్ కొత్తగా కొనక్కర్లేదు, ఉన్న టవరో రౌటరో ఆ పని చేస్తుందన్న ఆశ. బేస్ స్టేషన్ నుంచి వందల మీటర్ల దూరంలో ట్యాగుకు అందే శక్తి చాలా తక్కువ కాబట్టి మధ్యలో ఫోను లాంటిది ఏదో సాయం రావాల్సి ఉంటుందని ఆ పత్రాలే ఒప్పుకుంటున్నాయి.

డేటా దగ్గర కలయిక ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగింది, నిజానికి ఎక్కువ ముఖ్యమైనదీ ఇదే. సరుకు ఎక్కడ ఎప్పుడు కనబడిందో కంపెనీలు ఒకదానికొకటి చెప్పుకునేందుకు 2007లో ఈపీసీఐఎస్ ప్రమాణం వచ్చింది. ఏది, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అనే నాలుగు ప్రశ్నలకు అందులో చోటుంది. 2022లో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఐదోది చేరింది: ఏ స్థితిలో. ‘ఫలానా పెట్టె ఫలానా గిడ్డంగి దాటింది, అప్పుడు లోపల 6 డిగ్రీలు’ అని ఒకే రికార్డులో రాయవచ్చు. కొలిచింది ట్యాగా, లోరావాన్ సెన్సరా, బ్లూటూత్ లాగరా అన్నది రికార్డుకు పట్టదు. పాత ఎక్స్ఎంఎల్ రాత పద్ధతితో పాటు వెబ్ ప్రోగ్రామర్లకు అలవాటైన జేసన్ రూపం కూడా ఇచ్చారు. రేడియోలన్నీ ఒకటవుతాయని ఎదురుచూస్తే ఇంకో ఇరవై ఏళ్లు పట్టొచ్చు. రికార్డు ఒకటైతే చాలావరకు పని నడిచిపోతుంది.

అందరికీ జవాబిచ్చే ట్యాగు

ట్యాగును మొద్దుగా ఉంచినందుకు కట్టిన మూల్యం భద్రత. మంచి గూఢలిపికి లెక్కలు చేయాలి, లెక్కలకు కరెంటు కావాలి. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో కోట్ల సంఖ్యలో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్ తన పద్ధతిని రహస్యంగా ఉంచి, 48 బిట్ల తాళంచెవితో నెట్టుకొచ్చింది. 2007 చివర్లో పరిశోధకులు చిప్‌ను పొరలు పొరలుగా గీకి, మైక్రోస్కోపు కింద చూసి ఆ రహస్యాన్ని బయటపెట్టారు. ఇలాంటి చిన్న పరికరాల కోసమే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పోటీ పెట్టి 2023లో ఆస్కాన్ అనే తేలికపాటి పద్ధతిని ఎంచుకుంది. ఇది రహస్య పద్ధతి కాదు, ప్రపంచమంతా చూసి పరీక్షించినది. సెన్సర్ నోడ్లకు అది హాయిగా సరిపోతుంది. నాలుగైదు మైక్రోవాట్ల ట్యాగుకు మాత్రం ఇప్పటికీ బరువే.

జెన్ 2 ట్యాగు ఏ రీడర్ అడిగినా తన నంబరు చెప్పేస్తుంది. అడిగింది దుకాణమా, దారినపోయేవాడా అని చూడదు. మొదటి నుంచీ ఉన్న మందు ‘కిల్’ ఆదేశం: 32 బిట్ల పాస్‌వర్డ్ పంపితే ట్యాగు శాశ్వతంగా చచ్చిపోతుంది. కానీ చచ్చిన ట్యాగుతో సరుకు వాపసు తీసుకోవడం, రీసైకిల్ దగ్గర వేరుచేయడం కుదరదు కాబట్టి దుకాణాలకు దాన్ని వాడాలని ఉండదు. 2013లో వచ్చిన జెన్ 2 రెండో వెర్షన్ మధ్యేమార్గం చూపింది. ట్యాగు తన నంబరులో కొంత భాగాన్ని దాచుకోవచ్చు, చదివే దూరాన్ని తగ్గించుకోవచ్చు. 2024లో వచ్చిన మూడో వెర్షన్ ఎక్కువగా పట్టించుకున్నది వేగాన్ని, పెద్ద గుంపులో కావలసిన ట్యాగులను వెతికి పట్టడాన్ని.

ఇంతకాలం యూహెచ్ఎఫ్ రీడర్ అంటే గోదాముల్లో, దుకాణాల్లో మాత్రమే కనిపించే ఖరీదైన పరికరం. అందుకే దారినపోయేవాడు కూడా చదివేస్తాడన్న ఈ భయం ఎక్కువగా చర్చల్లోనే ఉండిపోయింది. 2025లో చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ యూహెచ్ఎఫ్ ఆర్ఎఫ్ఐడీని లోపలే కలిపిన మొబైల్ ప్రాసెసర్‌ను ప్రకటించింది, ప్రస్తుతానికి వ్యాపార సంస్థల చేతి పరికరాల కోసం. మామూలు ఫోన్లలోకి కూడా వస్తే బీరువాలోని చొక్కాలను లెక్కపెట్టుకోవడం ఎంత సులువో, రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ల సంచిలో ఏముందో చూడటమూ అంతే సులువు. నంబరు దాచుకునే సదుపాయం ప్రమాణంలో 2013 నుంచీ ఉంది. కాకపోతే ఐచ్ఛికం. బిల్లు కొట్టేటప్పుడు ఆ ఒక్క ఆదేశం పంపాలా వద్దా అన్నది దుకాణం ఇష్టం.